ప్రభు బల్ల దగ్గర తోడికోడళ్ళు

మెథడిస్టు చర్చిలో దర్జీ పెద్దమ్మ చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో కూర్చున్న ముందు బెంచీలోనే డెబ్బై దాటినా కూర్చుంటుంది. మెడలో టేపు తీయడం మరిచి వస్తుంది. పాట అందరికన్నా ముందే ఎత్తుకుంటుంది. తోడికోడలి జాకెట్టు బిగుతుగా కుట్టి, పైగా "నువ్వే లావయ్యావు" అన్నప్పటినుంచి మాత్రం ఇద్దరికీ మాటల్లేవు. మొన్న ఆదివారం పాస్టరుగారు, "పొరుగువారితో తగవు లేకుండా సమాధానంగా ఉన్నవాళ్ళు రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభు బల్ల దగ్గరికి రండి" అనగానే లేచిన పెద్దమ్మ, రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి తోడికోడలి దగ్గరికి నడిచింది.

"కొలత నేనే తప్పు తీశానే. విప్పి కుడతాను."

"ఆ ముక్క అప్పుడే అంటే నోటి ముత్యాలు రాలిపోయేవా అక్కా?" అంటూ ఆవిడ ఫక్కున నవ్వేసింది.

రొట్టె పట్టుకుని నిలబడ్డ పాస్టరుగారు, "రండమ్మా, అందరం మీకోసమే ఆగాం" అన్నారు. ఇద్దరూ పక్కపక్కనే మోకరించారు. లేచేటప్పుడు మోకాళ్ళు పట్టేస్తే ఒకరి భుజం ఒకరు పట్టుకుని, నవ్వుకుంటూ లేచారు.