లేత గులాబీ కింద లప్పం

మధ్యాహ్నం మూడూ ఇరవైకి పెయింటర్ మస్తాన్ చివరి గది పూర్తిచేసి నిచ్చెన దిగాడు. జగ్గయ్యపేటలో మా చెల్లెలు కరుణ కాపురమున్న ఇల్లు అది. నందిగామ బస్సు కోసం నేను అప్పుడే వాచీ చూసుకున్నాను, అందుకే టైము గుర్తుంది.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. చందర్లపాడులో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతాను. ఎవరైనా ఇలాంటి అనుభవం చెబితే ముందు వాళ్ళ బీపీ ఎంతో అడిగే మనిషిని.

కరుణ భర్త సుధాకర్ సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఆమెను కొట్టేవాడు. మూడోసారి ఆమె మా ఇంటికి వచ్చినప్పుడు పెదవి చీలి ఉంది, ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. ఈసారి పంపకూడదనే అనుకున్నాం. నెల తర్వాత అతనే ఫోన్ చేశాడు. ఇల్లంతా కరుణకు ఇష్టమైన లేత గులాబీ రంగు వేయిస్తున్నానని, ఆమెను తీసుకురమ్మని.

మేం క్రైస్తవులం. మాలో ఇంటికి రంగంటే క్రిస్మస్ ముందే. ఎండాకాలంలో, పండగ లేకుండా, పెళ్ళాం మెచ్చిన రంగు వేయిస్తున్నాడంటే మనిషి మారాడనే మా అమ్మ అనుకుంది. "మొగోడు గోడలకి రంగేయించాడంటే కాపరం నిలబెట్టుకుందామనేరా," అంది. నేనూ నమ్మాను. కరుణకు నచ్చజెప్పింది నేనే. ఆ పొద్దున బట్టల బ్యాగు మోసుకొచ్చిందీ నేనే.

హాలు, వంటిల్లు, రెండు పడగ్గదులు, చివరకు సీలింగు కూడా అదే రంగు. కరుణ గదులన్నీ చూసింది. టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది.

మస్తాన్ బ్రష్‌లు కడుక్కుంటూ, "మీ బావగారింట్లో క్రికెట్ ఆడతారేంటండి?" అన్నాడు.

"ఏం?"

"గోడలన్నీ నున్నగానే ఉన్నయ్యి. ఒక్క ఎత్తులోనే గుంటలు. ఏ గదిలో చూసినా అంతే. లప్పం పెట్టి పూడ్చడానికే రెండ్రోజులు పట్టిందండి."

ఎంత ఎత్తులోనో చేత్తో చూపించాడు. అది నా భుజం కిందకు వచ్చింది. కరుణ తల అంత ఎత్తులో ఉంటుంది.

గుంటలు చూద్దామని లోపలి పడగ్గదిలోకి వెళ్ళాను. దానికి రంగు వేసి మూడు రోజులైంది, పూర్తిగా ఆరింది. గోడ తడిమి చూస్తే చేతికి ఏమీ తెలియలేదు. అంత బాగా పూడ్చాడు. కిటికీలోంచి సుధాకర్, మస్తాన్ ఇద్దరూ వీధిలో ఆటోకి నిచ్చెన కడుతూ కనిపిస్తున్నారు.

ఎడమ చెవి మీద దెబ్బ పడింది. విప్పిన అరచెయ్యి. తూలేలోపే నా జుట్టు ఏదో పిడికిట్లో బిగుసుకుంది. తల గోడకు కొట్టుకుంది. రెండోసారి. కిటికీలోంచి చూశాను. సుధాకర్ ఇంకా తాడు బిగిస్తూనే ఉన్నాడు. మూడోసారికి కింద పడ్డాను. పడ్డాక డొక్కలో తన్నులు. ఎన్నో లెక్కపెట్టలేదు. గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

చప్పుడుకు కరుణ వచ్చింది. ఏమైందని అడగలేదు. నా చెవిలోంచి కారుతున్న రక్తం గుడ్డతో తుడిచింది. "అప్పుడే లేవమాక అన్నయ్యా. లేస్తే వాంతి అవుద్ది," అంది. అలవాటైన పనిలా చేసింది.

గోడ మీద లప్పం ఊడి మూడు గుంటలు బయటపడ్డాయి. నేను నిలబడి ఉండగా నా తల తగిలిన గోడే. కానీ గుంటలు నా భుజం కింద ఉన్నాయి.

"పద, పోదాం," అన్నాను.

"ముందు నీ చెవి చూపించుకో. పొద్దున వచ్చి సాయంత్రం పోతే వీధిలో ఏమనుకుంటారు?"

ఆ మాటకు నేను తల ఊపాను. సుధాకర్ లోపలికొచ్చి రాలిన లప్పం వైపు చూశాడు. నా వైపు చూడలేదు. బీపీ వల్ల కళ్ళు తిరిగి పడ్డానని చెప్పాను. ఆదివారం వచ్చి తీసుకెళ్తానని కరుణకు మెల్లగా చెప్పి బస్సెక్కాను.

నందిగామలో డాక్టరు చూసి కర్ణభేరికి చిల్లు పడిందన్నాడు. కింద పడితే ఇలా కాదు, అరచేత్తో గట్టిగా కొడితే అవుతుందన్నాడు. "ఎవరు కొట్టారు మాస్టారూ?" అని అడిగాడు. ఆయన రాసిచ్చిన చీటీ నా దగ్గరుంది.

శుక్రవారం ఫోన్ వచ్చింది. సుధాకర్ కరుణను ఆ పడగ్గదిలోనే కొట్టి చంపాడు. పోస్టుమార్టం కాగితంలో తల వెనక మూడు చోట్ల ఎముక చిట్లిందని, ఎడమ కర్ణభేరికి చిల్లు ఉందని రాశారు. పక్కటెముకల గురించి కూడా ఉంది. కేసు నడుస్తోంది.

దయ్యం అనుకుందామంటే, నన్ను కొట్టిన రోజుకు ఆ ఇంట్లో ఎవరూ చనిపోలేదు. నా చెల్లెలు వంటింట్లో టీ కాస్తోంది. భ్రమ అనుకుందామంటే ఆ చెవి నాకిప్పటికీ సరిగా వినపడదు. దేవుడు చేసిన హెచ్చరిక అంటారు మా పాస్టరుగారు. హెచ్చరికే అయితే, దాన్ని విని నేనేం చేశానో నాకు తెలుసు. ఆ గదిలో జరిగింది ఏమిటో మాత్రం ఈ రోజుకీ చెప్పలేను.

మా ఇంటికి ఏ ఆడపిల్ల వచ్చినా, మళ్ళీ అత్తారింటికి ఎప్పుడు వెళ్తావని అడగడం మానేశాం.