పళ్ళెంలో మిగిలిన ముక్క

మా ఇలోయిలో పట్నంలో పళ్ళెంలో ఆఖరి ముక్క ఎవరూ ముట్టుకోరు. కడుపు కాలుతున్నా సరే, సిగ్గు. ఆ సిగ్గే మా ఫెలీసా కొంప ముంచబోయింది.

ఫెలీసా, నేను ఒకే బడిలో చదివాం. తమ్ముళ్ళ చదువుల కోసం ఆఖరి ఏడాదిలో అది బడి మానేసి ఎండుచేపల బుట్ట ఎత్తింది. నేను లెక్కల టీచర్నయ్యాను. దాని నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. యాభై దాటాక, పట్టుబట్టి, బడి మానేసిన పెద్దవాళ్ళకు పెట్టే పరీక్షకు కట్టింది. పట్టా పుచ్చుకునేవాళ్ళకు తల్లే వచ్చి రొమ్ము మీద రిబ్బన్ గుచ్చడం మా ఆనవాయితీ. వాళ్ళమ్మ ఇస్కా పిన్ని చేత అది గుచ్చించుకోవాలని దీని ఆశ. పోయినసారి లెక్కల్లో తప్పింది. పిన్నికా ఎనభై దాటాయి, ఇంకో ఏడాది ఆగే ఓపిక లేదు.

పరీక్ష రేపనగా సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, మూళ్ళు ఆగకుండా పోయే 0.333… ను భిన్నంగా మార్చమన్నాను. మూడువందల ముప్పైమూడు బై వెయ్యి అని రాసింది.

"మిగతా మూళ్ళు ఏమయ్యాయే?"

"ఎక్కడో ఒకచోట ఆగాలి కదే. అంతా ఊడ్చుకు తింటే ఏం బాగుంటుంది?"

"లెక్కకు మర్యాదేమిటే, నీ మొహం!"

నాకు ఒళ్ళు మండింది. బల్ల మీద బిబింకా ఉంది, కొబ్బరిపాలు పోసి కాల్చిన బియ్యప్పిండి రొట్టె. దాన్ని పది ముక్కలు చేశాను. పిన్నితో కలిపి ముగ్గురం తలా మూడు తీసుకుంటే ఒకటి మిగిలింది. దాన్నీ పది చేసి పంచాను. మళ్ళీ ఒకటి మిగిలింది.

"ఇలా తెల్లారేదాకా కోస్తావా?" అని ఫెలీసా నవ్వింది.

"కోయక్కర్లేదు, విను. నీ వాటా సున్నా పాయింట్ మూడు మూడు మూడు, అలా ఆగకుండా. అలాంటి పది వాటాలు మూడు పాయింట్ మూడు మూడు మూడు, అదీ ఆగకుండా. అందులోంచి ఒక వాటా తీసెయ్. పాయింట్ తర్వాతి తోకలు రెండూ ఒకటే, కొట్టుకుపోతాయి. తొమ్మిది వాటాలకు సరిగ్గా మూడు. మరి ఒక్క వాటా?"

"మూడు బై తొమ్మిది... ఓసినీ, మూడో వంతు! ఏమీ మిగలదా?"

"ఏమీ మిగలదు."

"పళ్ళెంలో మిగిలిందిగా" అని ఆ చిన్న ముక్కను చూసి, అలవాటుగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇస్కా పిన్ని ఆ ముక్క తీసి కూతురి నోట్లో పెట్టింది.

"ఆనాడు మగపిల్లలకు పెట్టి, నీ ఆఖరి ఏడాది నీ చేత వదిలించాను. ఇంక దేన్నీ వదలకు తల్లీ, తిను."

ఫెలీసా నములుతూనే ఏడ్చింది. నాకు మాత్రం కన్నీళ్ళు ఆగాయా!

పరీక్ష పాసైంది. పట్టా ఇచ్చే రోజున పిన్ని వేదిక మెట్లు ఎక్కలేకపోతే, ఫెలీసాయే గౌను ఎత్తిపట్టుకుని కిందికి దిగి ఆమె ముందు మోకరిల్లింది. పిన్ని గుచ్చిన రిబ్బన్ తిన్నగా కూర్చుంది.

ఆ పూట విందులో చివరి ముక్క దగ్గరికి వచ్చేసరికి అందరం చూపులు తిప్పుకున్నాం. ఇస్కా పిన్ని పళ్ళేన్ని కూతురి ముందుకు జరిపింది. ఫెలీసా తీసుకుని, నిదానంగా, మొత్తం తినేసింది.