గోడకి కర్ర ఆనించి విన్న మినగావ

రాత్రి ఎనిమిది కొట్టగానే మా ఆయన యసాకు "నీళ్లు దించేస్తున్నా" అని ఒక్క కేక వేసేవారు. నేను గబగబా కెటిల్, అన్నం గిన్నె, ఒక బకెట్ నింపుకునేదాన్ని. ఆ తర్వాత ఆయన స్నానాలగది గోడకున్న పిడిని చివరికంటా తిప్పి, ఇంట్లో కుళాయిలన్నీ తెరిచేవారు. గొట్టాల్లో ఉన్న నీళ్లన్నీ నేల అడుక్కి జారిపోయేవి. జపాన్ ఉత్తరాన ఈ హొక్కైడో లోపలి ఊళ్లలో గొట్టాలు గడ్డకట్టకుండా చలికాలమంతా ప్రతి ఇంట్లోనూ ఇదే పని. నవంబరులో ఆయన పోయారు. ఇప్పుడు ఆ కేక లేదు. కెటిల్ నేనే నింపుకుంటున్నాను, పిడీ నేనే తిప్పుతున్నాను.

మరిది షోహెయ్ అంత్యక్రియలనాడే తేల్చి చెప్పాడు. ఈ చలికాలం ఒక్కసారి గొట్టాలు గడ్డకట్టినా సరే, ఇంటికి తాళం వేసి నన్ను పట్నంలో తన అపార్టుమెంటుకి తీసుకుపోతానన్నాడు. ప్రేమతో అన్నాడో, ఈ స్థలం మీద కన్నుతో అన్నాడో నాకు తెలియదు. ఇల్లు వదలడం మాత్రం నా వల్ల కాదు. ఆ రోజే అతను గుమ్మం దగ్గర నిలబడి మినగావ హచిరో గారితో చాలాసేపు గుసగుసలాడటం చూశాను.

మినగావ గారిది మా వరసలోనే మూడో ఇల్లు. పంతొమ్మిదో ఏట ఈ ఊరొచ్చి, నలభై రెండేళ్లు ఇంటింటికీ తిరిగి గడ్డకట్టిన గొట్టాలు కరిగించారు. ఎడమచేతి రెండు వేళ్ల కొసలు చలికి పోయాయి. పని మానేసినా పనిముట్ల సంచీ గుమ్మంలోనే ఉంచుకుంటారు. చేతిలో ఎప్పుడూ ఒక సన్నటి కర్ర. దాని ఒక కొస గొట్టానికి, ఇంకో కొస చెవికి ఆనించి లోపల నీళ్లున్నాయో లేదో చెప్పేవారు. చేపల కొట్టు తొయో ఆయన గురించి ఎప్పుడూ ఒకే మాట అంటుంది: "ఆయన ఏ ఇంటి ముందు ఆగితే తెల్లారేసరికి ఆ ఇంట్లో మంచుగడ్డే. లేకపోతే నలభై ఏళ్లు ఎలా గడిచిందంటారు?" అందరూ నవ్వేవారు. మా ఆయన ఉన్నప్పుడు నేనూ నవ్వాను.

జనవరి రెండోవారంలో ఒక పొద్దున మంచు ఎత్తుతుంటే వంటింటి వెనకగోడ దాకా అడుగులు కనిపించాయి. గోడ దగ్గర ఆగి, పక్కన కర్ర గుచ్చిన చిల్లు, మళ్లీ వెనక్కి. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆ కర్ర మినగావ గారిదే. మరిది పెట్టిన కాపలా అనుకున్నాను. ఆయన రెండుసార్లు పగటిపూట వచ్చి తలుపు తట్టారు. పొయ్యి దగ్గరే కూర్చున్నానే కానీ తీయలేదు.

నెలాఖరున ఒక పొద్దున చలి సున్నాకి కింద ఇరవై ఎనిమిది డిగ్రీలు. పిడి వెనక్కి తిప్పాను. స్నానాలగదిలో నీళ్లొచ్చాయి. వంటింటి కుళాయి చుక్క రాల్చలేదు. నేనింకా ఎవరికీ చెప్పనేలేదు, సంచీ పుచ్చుకుని మినగావ గారు గుమ్మంలో ఉన్నారు. నా అనుమానం ఇంకా గట్టిపడింది.

"పిలవకుండానే వచ్చారే. మీకెలా తెలిసింది?"

"లోపలికి రానిస్తారా ఇతోయె గారూ, నన్ను కూడా ఇక్కడే గడ్డకట్టిస్తారా?"

గొట్టానికి పాత తువ్వాలు చుట్టి, కెటిల్లోని వేడినీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ఆయన తలెత్తకుండానే మాట్లాడారు. మరిగే నీళ్లు పోస్తే గొట్టం పగులుతుందని పొయ్యి తగ్గించమన్నారు. రెండు వారాల కిందట రాత్రి మా ఇంటి పక్కగా వెళ్తుంటే ఒక్క కుళాయే గాలి పీల్చిన చప్పుడు వినపడిందట. అప్పట్నుంచీ రోజూ వచ్చి వింటున్నారట. పిడి నేను సరిగ్గానే తిప్పుతున్నానట, వంటింటి కుళాయి మాత్రం తెరవటం లేదట. తెరవకపోతే గాలి దూరదు, గాలి దూరకపోతే నీళ్లు దిగవు, గొట్టంలోనే వేలాడుతుంటాయి.

"ఈ ఊళ్లో పుట్టినదానికి ఈ మాత్రం తెలీదంటే నేను నమ్మను" అన్నారు.

తెలుసు. ఆ కుళాయి గాలి పీల్చేటప్పుడు గురగురమంటుంది. ఆఖరి మూడు రోజులూ మా ఆయన గొంతు అలాగే పలికింది. కొత్త సంవత్సరం వెళ్లిన దగ్గర్నుంచి దాన్ని తెరవడం మానేశాను. ఆ సంగతి మినగావ గారికి చెప్పలేదు. మరిచిపోయానన్నాను. నా మాట నమ్మలేదని ఆయన చూపులోనే తెలిసింది.

"చీకట్లో గోడ వెనక దొంగలా వినడం దేనికి? నాతో చెప్పచ్చుగా."

"మగడు పోయి మూడు నెలలు కాలేదు. చీకటిపడ్డాక మీ తలుపు తడితే తొయో నోరు ఊరుకుంటుందా? పగలొస్తేనేమో మీరు తీయరు."

"మా మరిది మిమ్మల్ని ఏం అడిగాడు?"

ఆయన తువ్వాలు పిండి మళ్లీ చుట్టారు. "గడ్డకడితే ఫోన్ చెయ్యమన్నాడు. సరేనన్నాను."

"చేస్తారా?"

"మీ ఇంటి సంగతి మీరే చెప్పుకోండి, ఇవాళే చెప్పండి. ఆదివారం అతను నాకు ఫోన్ చేస్తాడు. అడిగితే అబద్ధమాడలేను."

కుళాయి రెండుసార్లు దగ్గి, ఎర్రటి నీళ్లు కక్కి, తర్వాత తేటగా పారింది. గొట్టం పగల్లేదు. ఆయన టీ తాగి, రెండు ముల్లంగి పచ్చడి ముక్కలు నమిలి, సంచీ సర్దుకుని వెళ్లిపోయారు.

నేను ఫోన్ పక్కన కూర్చున్నాను. షోహెయ్ నంబరు గోడమీద మా ఆయన రాసినదే. మినగావ గారు నా మంచి కోరిన మనిషో, ఆదివారం దాకా గడువిచ్చిన మరిది మనిషో తేల్చుకోలేకపోయాను. నాలుగింటికే చీకటి పడింది. లేచి అన్నం వండాను. గిన్నెలు కడిగాను. తడి తువ్వాళ్లు పొయ్యి దగ్గర ఆరేశాను. రిసీవరు మాత్రం ముట్టుకోలేదు.