ఎర్ర జేబు గౌను

నాకప్పుడు ఆరేళ్ళు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా తాతకు బట్టల దుకాణం ఉండేది. తానుల్లో మిగిలిన ముక్కలతో నాకు గౌన్లు కుట్టించేవాడు.

ఒకరోజు కిక్కిరిసిన బజారులో తాత చెయ్యి వదిలేసి గాజుల బండి దగ్గర ఆగిపోయాను. తాత కంగారుగా వెతికి, అచ్చం నాలాంటి గౌనే వేసుకున్న ఇంకో పిల్లను వెనకనుంచి చూసి నేననుకుని, చెయ్యి పట్టుకుని నడిచాడు. ఆ బట్ట కూడా ఆయన అమ్మిందే! పిల్ల కేరుమంది.

"పిల్లనెత్తుకపోతున్నడు, పట్టుకోండ్రి!" అంటూ జనం చుట్టుముట్టారు. ఎవరో తాత చొక్కా పట్టుకున్నారు. నేను ఏడుస్తూ జనంలోకి దూరి ఆయన కాళ్ళు చుట్టేసుకున్నాను.

"ఈయన మా తాత!"

ఆ పిల్ల తల్లి వచ్చి, మా ఇద్దరి గౌన్లూ చూసి నవ్వేసింది. తాత మాత్రం ఇల్లు చేరేదాకా నా చెయ్యి వదల్లేదు.

ఆ తర్వాత నా ప్రతి గౌనుకూ గుర్తుగా ఎర్ర జేబు కుట్టించాడు. బడిలో అందరూ నవ్వుతుంటే ఆయన మీద ఎంత కోపమొచ్చేదో!

చివరి రోజుల్లో, ఎల్బీనగర్ ఇంట్లో మంచం పట్టిన తాత ఎవరినీ గుర్తుపట్టలేదు. కుర్తాకు ఎర్ర జేబు కుట్టించుకుని వెళ్ళాను. ఆయన ఆ జేబునే చూస్తూ నా చెయ్యి అందుకున్నాడు.

"జర గట్టిగ పట్టుకో బిడ్డా, మంది మస్తుగున్నరు."

గదిలో ఉన్నది మేమిద్దరమే. గట్టిగానే పట్టుకున్నాను.