నూట పన్నెండో వరుస

పెడళ్లు బాగుచేసే పెడల్ డాక్టరు ముందుగా గిటారు పెడల్‌ను, అంటే గిటారు ధ్వనిని మార్చే చిన్న పెట్టెను, చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు, లోపల ఏదన్నా ఊడిందేమోనని. తర్వాత కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, అందులోని చిప్పులో దాగిన ప్రోగ్రామును అంకెలుగా బయటికి లాగుతాడు. ఒక్కో వరుస ధ్వనిని ఏం చేస్తుందో పెన్సిలుతో నోటుబుక్కులో రాసుకుంటాడు. అర్థం కాకపోతే పెన్సిలు కొరుకుతాడు. అర్థమైతే పక్కగదిలోని భార్యకు వినబడేలా "దొరికావురా!" అంటాడు.

ఆ వారం ఒక గిటారిస్టు ప్రతిధ్వని పుట్టించే తన పాత ఎకో పెడల్ తెచ్చింది. చిప్పు చెడిపోతోంది, ప్రోగ్రామును కొత్తదానిలోకి ఎక్కించాలి. నూట పన్నెండో వరుసలో ఆయనకు తప్పు కనబడింది. ఒక అంకె తేడా పడి, ప్రతిధ్వని చివర సన్నగా వణుకుతోంది. రాసినవాడెవడో కునుకు తీసి ఉంటాడని సణుక్కుంటూ, ఎవరూ అడక్కుండానే సరిదిద్దాడు. ఆమె వచ్చి తీగ మీటి, తల వంచి వింది.

"బాగుందండీ. కానీ ఇది నాది కాదు."

"మీదేనమ్మా. చివర్లో ఆ వణుకు తీసేశాను, అంతే."

"అయ్యో! నా పాటలన్నీ ఆ వణుకు మీదే కట్టుకున్నానండీ."

ఆయన మొహం చిన్నబోయింది. ఆమెను కూర్చోమని, పాత అంకెను మళ్లీ ఎక్కించాడు. ఈసారి ఆమె మీటిన స్వరం చివర్లో వణికి, మెల్లగా ఆగింది.

"ఆఁ, ఇప్పుడు బాగుంది," అంది పక్కగదిలోంచి భార్య.

పెడల్ డాక్టరు నోటుబుక్కు తీసి, ఆ వరుస పక్కన రాసుకున్న 'తప్పు'ను రబ్బరుతో తుడిచి, 'ముట్టుకోవద్దు' అని రాశాడు.