పది రోజులని నేను చెప్పలేదు

మా ఆయన పరంజా మీద ఉండగా చేతిలోని సిమెంటు తట్ట జారి కింద పడింది. సునామీ వచ్చిన మరుసటి ఏడు, ఎండలు మొదలయ్యే రోజుల్లో జరిగింది ఇది. కింద ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. అప్పటికి పాతికేళ్ళుగా మేస్త్రీ పని చేస్తున్న మనిషి, తట్ట వదిలినవాడు కాడు. నేను మధ్యాహ్నం అన్నం క్యారియర్ తీసుకుని వెళ్ళేసరికి ఇసుక కుప్ప మీద కూర్చుని ఉన్నాడు. పెదవులు నల్లబడి ఉన్నాయి.

"ఏందయ్యా ఇది, మొగం అట్ట పోయింది?" అన్నాను.

"ఏం లే. ఊపిరి యాడికో పోయి వచ్చింది. అన్నం పెట్టు."

అన్నం రెండు ముద్దలు తిని పక్కన పెట్టేశాడు. నాకు అప్పుడే తెలిసింది ఇది మామూలు అలసట కాదని.

నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే పక్కింటి అమ్మాయి రాస్తోంది. డాక్టర్లు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ చెప్పిన మాటలు నాకు గుర్తున్నట్టు చెబుతున్నాను. తప్పుంటే నాదే.

ఆయన పని చేస్తున్నది ఆస్పత్రి గోడ మీదే. ఆ ఆస్పత్రి సంగతి చెప్పకపోతే మా ఆయన సంగతి అర్థం కాదు. నేను పెళ్ళయి ఈ తమిళ ఊరికి, ఉప్పళం పేటకు వచ్చినప్పుడు అది ఒక పెంకుటిల్లు. నలుగురు పెద్దమనుషులు ట్రస్టు పెట్టి, ఒక డాక్టరును కూర్చోబెట్టి, వరండాలో రెండు బెంచీలు వేసి ఉచితంగా చూపించేవాళ్ళు. ఆ వరండాకు గచ్చు వేసింది మా ఆయన. తర్వాత ప్రసవాల వార్డు కట్టారు. ఆపరేషన్ థియేటరు కట్టారు. వెనక ఇళ్ళు కొని పడగొట్టి మూడంతస్తుల బ్లాకు లేపారు. నర్సుల స్కూలు వచ్చింది. రెండువేల సంవత్సరం దాటాక డాక్టరు చదువుకునే పిల్లలు వచ్చారు. పొద్దున ఎనిమిదింటికి మా వీధిలో తెల్లకోట్లు తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. ఆ ఆస్పత్రిలో మా ఆయన చెయ్యి పడని గోడ లేదు. అందుకే ఎవరైనా "ట్రస్టు ఆస్పత్రి" అంటే ఆయన "మన ఆస్పత్రి" అని దిద్దేవాడు. మాకు పిల్లలు లేరు. ఆయనకు అదే పిల్ల.

ఆ రోజు తట్ట పడ్డాక ఇంజనీరు ఆయన్ను అక్కడే ఓపీకి పంపాడు. పెద్ద డాక్టరు, అంటే మెడిసిన్ ప్రొఫెసరు, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు తీయలేదు. "చిన్నప్పుడు జ్వరం, కీళ్ళ నొప్పులు వచ్చాయా?" అని అడిగాడు. వచ్చాయి. తొమ్మిదేళ్ళప్పుడు మోకాళ్ళు వాచి నెలరోజులు మంచం మీద ఉన్నాడని మా అత్త చెప్పేది. ఈసీజీ తీశారు. ఎకో తీశారు. "మైట్రల్ స్టెనోసిస్. గుండెలో పైగదికీ కిందిగదికీ మధ్య ఉన్న వాల్వు సన్నబడిపోయింది. బెలూన్ పెట్టి తెరవాలి. దానికి కావాల్సిన క్యాథ్ ల్యాబ్ మా దగ్గర లేదు. ఊరి బయట పెద్ద గవర్నమెంటు ఆస్పత్రికి ఉత్తరం రాసిస్తాను, వెంటనే పొండి" అన్నాడు.

ఉత్తరం తీసుకున్నాం. పోలేదు.

ఎందుకు పోలేదని మీరు అడుగుతారు. ఆయన కడుతున్న నాలుగో అంతస్తులోనే క్యాథ్ ల్యాబ్ రాబోతోంది. "మన దాంట్లోనే చేయించుకుంటా. గోడ కట్టినోడు నేను, మొదటి మంచం నాది" అన్నాడు. డాక్టరు రెండుసార్లు తిట్టాడు, మూడోసారి ఊరుకున్నాడు. మూడు వారాలకొక పెనిసిలిన్ ఇంజక్షన్, నీరు పోయే మాత్ర, ఉప్పు తగ్గించమనడం. పని మాన్పించారు. సాయంత్రం రోడ్డు అవతల నిలబడి నాలుగో అంతస్తు ఎంత లేచిందో చూసి ఇంటికి వచ్చేవాడు. ఆ అంతస్తు ఏడాది లేచింది, ఏడాది ఆగింది.

ఈలోగా ఆయనకు కొత్త ఉద్యోగం దొరికింది. ఉద్యోగం అని ఆయనే అనేవాడు. డాక్టరు చదివే పిల్లలకు పరీక్ష పెట్టేటప్పుడు నిజమైన రోగుల్ని పడుకోబెడతారు. పిల్లలు ఒక్కొక్కరు వచ్చి అడిగి, తట్టి, విని, జబ్బు ఏదో చెప్పాలి. మా ఆయన గుండె చప్పుడు బాగా స్పష్టంగా వినిపిస్తుందట. పరీక్ష వస్తే అటెండరు ఇంటికొచ్చి పిలిచేవాడు. ఈయన తల స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, విబూది పెట్టుకుని వెళ్ళేవాడు. మంచానికి నంబరు ఉండేది. పొంగలి పెట్టేవాళ్ళు. పిల్లలకు చెమటలు పడుతుంటే ఈయనే మెల్లగా అందించేవాడు.

"తంబీ, ఎడం పక్కకు తిరగమని నన్ను అడుగు. అప్పుడే బాగా వినపడుద్ది."

జబ్బు పేరు, చిన్నప్పటి కీళ్ళ నొప్పులు, ఎన్ని మెట్లెక్కితే ఆయాసం, అన్నీ వరసగా ఒప్పజెప్పేవాడు. "పల్స్ రెగ్యులర్" అని ఇంగ్లీషులో చెప్పేవాడు. మా వీధి ఆడవాళ్ళు కుళాయి దగ్గర ఎగతాళి చేసేవాళ్ళు. "ఏం డాక్టరుగారూ, మా ఆయన తాగొచ్చి పడుకుంటా ఉండాడు, మందు రాయండి!" ఈయన నవ్వి, "ముందు ఎకో తీయాల" అనేవాడు. పని పోయిన మగవాడు నవ్వుతున్నాడు. నాకు అది చాలనిపించింది.

తట్ట పడిన మూడో ఏడు, పరీక్షలకు పది రోజుల ముందు ఆయన గుండె వరస తప్పింది. పొద్దున కాఫీ ఇస్తూ ఉంటే నా చెయ్యి పట్టుకుని ఛాతీ మీద పెట్టుకున్నాడు. రెండు కొట్టి ఆగుతోంది, మళ్ళీ నాలుగు కలిపి కొడుతోంది. దానికి లెక్క లేదు.

"లెయ్. ఆస్పత్రికి పోదాం" అన్నాను.

"పరీక్ష అయిపోనీ. ఇప్పుడు చెప్తే నన్ను వార్డులో పడేసి ఇంకోణ్ణి పడుకోబెడతారు. ఈ తూరి బయటూరి నుంచి పెద్ద ఎగ్జామినరు వస్తా ఉండాడు."

"గుండె కంటే ఎగ్జామినరు ఎక్కువా నీకు?"

"నాకు ఇంకేం ఉండాది చెప్పు."

పది రోజులు చూస్తూ ఊరుకున్నాను. ఆయాసం ఎక్కువైతే వీపు రాశాను. ఎవరికీ చెప్పొద్దన్నాడు, చెప్పలేదు.

పరీక్ష రోజు నేను కూడా వెళ్ళి వరండాలో కూర్చున్నాను. ఆయన మంచం దగ్గరికి వచ్చిన అమ్మాయిది నెల్లూరు. తెలుగు పిల్ల అని ఈయనకు ముచ్చటేసింది. అన్నీ ఒప్పజెప్పాడు, పల్స్ రెగ్యులర్ అన్నాడు. ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. మళ్ళీ చూసింది.

"అంకుల్, రెగ్యులర్ కాదు ఇది."

"రెగ్యులరే రాసుకో కన్నా. వేరే చెప్తే మార్కు పోద్ది."

"పోతే పోనీండి" అంది ఆ పిల్ల. ఎగ్జామినరు రాగానే పల్స్ అసలు వరసలోనే లేదని చెప్పింది. అతను మా ఆయన చెయ్యి పట్టుకుని చూసి, పరీక్ష ఆపి, మా పెద్ద డాక్టరును పిలిచాడు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. ఆ పేరు నేను ఈ జన్మలో మరిచిపోను.

ఎప్పటి నుంచి అని అడిగితే మా ఆయన, "ఈ పొద్దుటి నుంచే సార్" అన్నాడు. పెద్ద డాక్టరు వరండాలోకి వచ్చి నన్ను అడిగాడు. "అమ్మా, నిజంగా ఈ పొద్దుటి నుంచేనా? రెండు రోజులు దాటి ఉంటే గుండెలో రక్తం గడ్డకట్టి ఉంటుంది. అప్పుడు వైద్యం వేరు. బాగా ఆలోచించి చెప్పు."

ఇంత విడమరిచి చెప్పాడు. నాకు అర్థం కాలేదని అనను. తలుపు సందులోంచి మా ఆయన నా వైపు చూస్తున్నాడు. అబద్ధమాడాడని తేలితే ఇంక ఎప్పటికీ పరీక్షకు పిలవరని ఆ చూపు. నేను, "అవును సార్, పొద్దుటి నుంచే" అన్నాను.

ఐసీయూలో పెట్టి సెలైన్‌లో మందు ఎక్కించారు. సాయంత్రానికి గుండె దారికొచ్చింది. నర్సు మానిటర్ చూపించి నవ్వింది. మా ఆయన నాకు కన్నుగీటాడు. మరుసటి రోజు పొద్దున ఇడ్లీ తుంచి చట్నీలో అద్దుతూ ఉండగా కుడిచెయ్యి అక్కడే ఆగిపోయింది. ముక్క చట్నీలో పడింది. నోరు ఒక పక్కకు పోయింది. "ఏమయ్యా, ఏమయ్యా" అంటే గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు.

సీటీ స్కాన్ తీశారు. గుండెలో ఉన్న గడ్డ కదిలి మెదడుకు పోయిందన్నారు. గుండె మళ్ళీ సరిగ్గా కొట్టడం మొదలుపెట్టినప్పుడే అలా కదులుతుందట. కుడిపక్క పడిపోయింది. మాట పూర్తిగా పోయింది. అఫేజియా అన్నారు. అన్నేళ్ళు మూడు భాషల్లో ఒప్పజెప్పిన మనిషి, నీళ్ళు కావాలంటే మంచం కడ్డీ మీద కొట్టేవాడు. ముక్కులో ట్యూబు, మూత్రానికి ట్యూబు. రెండు గంటలకొకసారి నేనే పక్కకు తిప్పేదాన్ని. అయినా వీపు కింద పుండు పడింది.

వార్డులో పొద్దున రౌండ్స్‌కు ప్రొఫెసరు పిల్లలతో వచ్చేవాడు. ఇప్పుడు మా ఆయన స్ట్రోకు కేసు. ఆయన చెప్పలేడు కాబట్టి హిస్టరీ నన్ను అడిగేవాళ్ళు. ప్రతి రోజూ కొత్త పిల్లలు. ప్రతి రోజూ నేను "ఆ పొద్దుటి నుంచే" అని చెప్పాను. వాళ్ళు రాసుకున్నారు.

మూడో వారం ఒక మధ్యాహ్నం ఆ నెల్లూరు అమ్మాయి ఒక్కతే వచ్చింది. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. మొహం పీక్కుపోయి ఉంది.

"అత్తా, అందరూ నేను కరెక్టుగా చెప్పానని మెచ్చుకుంటున్నారు. నాకు అన్నం దిగట్లేదు. నేను ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఆ మందు ఎక్కించేవాళ్ళు కాదు కదా."

ఇరవై రెండేళ్ళ పిల్ల. నా పాపం మోస్తోంది.

"పొద్దుటి నుంచి కాదమ్మా," అన్నాను. "పది రోజులు. నాకు తెలుసు. నేనే చెప్పలా."

ఆ పిల్ల నన్ను తిట్టలేదు. లేచి నిలబడి, "సార్‌కు చెప్దాం రండి" అంది. నేను వెళ్ళి చెప్పాను. పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మర్నాడు రౌండ్స్‌లో పిల్లలందరి ముందు కేసు షీట్‌లో పది రోజులని దిద్దించాడు. తర్వాత అన్నాడు: "ఈమె చెప్పలేదు, నిజమే. ఇలాంటి వాల్వు ఉన్నవాడికి రోజుల లెక్క నమ్మి, గడ్డ ఉందేమో చూడకుండా మందు ఎక్కించింది నేను. బెలూన్ వాయిదా పడుతూ ఉంటే ఊరుకున్నది కూడా నేనే. ఊరుకుని, ప్రతి పరీక్షకూ పిలిపించాను. ఇదీ రాసుకోండి." ఆ తర్వాత నుంచి పరీక్షకు పిలిచిన రోగులను ముందురోజు ఒక డాక్టరు కొత్త రోగిని చూసినట్టు చూసి తీరాలని రూలు పెట్టారని నర్సు చెప్పింది. మా ఆయనకు అది పనికిరాలేదు.

మంచం పక్కన నేను ఆ అమ్మాయితో చెప్పింది ఆయన విన్నాడు. మాట పోయింది గానీ చెవి పోలేదు. గోడ వైపు తిరిగాడు. అప్పటికి ముక్కులో ట్యూబు తీసేశారు గానీ, రెండు రోజులు నా చేత్తో పెడితే ఏదీ మింగలేదు. నర్సు పెడితే మింగాడు. మూడో రోజు నేను గంజి చెంచా పట్టుకుని, "కోపమైతే కొట్టు" అన్నాను. ఎడం చెయ్యి ఎత్తి నా తల మీద పెట్టాడు. కొట్టడమో, ఇంకేమిటో నాకు తెలియదు. తర్వాత నోరు తెరిచాడు.

ఇంటికి తెచ్చుకున్నాం. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర, నెలకోసారి రక్త పరీక్ష. ఒకసారి చిగుళ్ళలోంచి రక్తం ఆగలేదు, మళ్ళీ అడ్మిషన్. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఇంకోసారి. ఈలోగా నాలుగో అంతస్తు తెరిచారు. ఆస్పత్రి ముందు సీరియల్ లైట్లు వేశారు, మంత్రి వచ్చాడు. గుండెలో మిగిలిన గడ్డ పూర్తిగా కరగనిదే బెలూన్ కుదరదన్నారు. కరిగిందో లేదో చూడటానికి తేదీ ఇచ్చారు. ఆ తేదీకి తొమ్మిది రోజుల ముందు మా ఆయన పోయాడు. స్ట్రోకు వచ్చి పద్నాలుగు నెలలు.

ఇప్పుడు నేను పొద్దున ఇంటి ముందు ఇడ్లీ వేస్తాను. నాకు బీపీ ఉంది. నెలకోసారి అదే ఆస్పత్రికి వెళ్ళి లైన్లో కూర్చుంటాను. వేరే చోటికి పొమ్మని చెప్పేవాళ్ళు ఉన్నారు. ఆయన కట్టిన గోడకు ఆనుకుని కూర్చుంటే నాకు ఏడుపు రాదు, అందుకు వెళ్తాను. చదువుకునే పిల్లలు వచ్చి హిస్టరీ అడుగుతారు. పోయిన నెల జవాబు మళ్ళీ ఒప్పజెప్పను. కాలు వాచింది ఎప్పుడు, తల తిరిగింది ఎప్పుడు, అంతే చెబుతాను.

దీన్ని చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఇంట్లో రోగికి కొత్తగా ఏదైనా మొదలైతే, ఆ రోజే క్యాలెండరు మీద గీత పెట్టండి. చదువు రాకపోయినా గీత పెట్టొచ్చు. డాక్టరు "ఎప్పటి నుంచి" అంటే ఆ కాగితం ముందు పెట్టండి. రోగి వద్దని కళ్ళతో చెబుతాడు. బతిమాలతాడు. మీరు చెప్పేయండి. ఆయనకు కోపం వస్తుంది. రానివ్వండి.