సలోమి అక్క శ్రుతి

దయ్యాలు ఉన్నాయని ఎవరైనా అంటే, వాటి బరువెంత అని అడిగే మనిషిని నేను. తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. కొలతకు అందనిదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు, ఈ రోజుకీ లేదు. కిందటేడు గిలకలదిండిలో జరిగినది మాత్రం కొలతకు అందింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ముందు మా బ్యాండు సంగతి చెప్పాలి. కాలేజీ రోజుల్లో మేము 'ఉప్పుటేరు బాయ్స్' అనే రాక్ బ్యాండు నడిపాము. నాది బందరు, గిటారు వాయించేవాణ్ణి. శివాజీది గుడివాడ, డ్రమ్స్ వాడివి. పాడేది ప్రభుదాసు, దివిసీమలో ఒక పాస్టరు గారి అబ్బాయి. బేస్ గిటారు కొనే శక్తి మాకు లేదు. దాని బదులు ప్రభుదాసు అక్క సలోమి, చర్చి హార్మోనియం వాయించేది. బాయ్స్ అంటారు, మరి ఈ అమ్మాయి ఎవరని ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు అడిగేవారు. "నేను ఉప్పుటేరునండీ, వీళ్లు బాయ్స్" అనేది అక్క.

ఆ హార్మోనియం ఉప్పెనలో మునిగి తేలినది. కొన్ని రీడ్లు ఉప్పునీటికి చిలుము పట్టి అర స్వరం దిగిపోయాయి. బందరులో రిపేరు చేసినాయన, దిగినవాటిని పైకి తేలేక, మిగిలినవాటిని కూడా వాటితో సమంగా దించేశాడు. చర్చిలో అందరూ ఆ సా మీదే పాడారు. మేమూ దానికే గిటారు శ్రుతి చేసుకున్నాము. మా చెవులకు అదే సరైన సా.

మద్రాసులో ఒక క్యాసెట్ కంపెనీ ఆయన మా టేపు విని, తన పియానో మీద ఒక మెట్టు నొక్కి చూపించి, నవ్వాడు. వాద్యాలన్నీ తప్పు శ్రుతిలో ఉన్నాయని తిప్పి పంపాడు. ఆ తర్వాత మేము ఎక్కువ కాలం కలిసి లేము. అక్క చనిపోయింది. హార్మోనియం చెదలు పట్టి ముక్కలైపోయింది.

కిందటేడు ప్రభుదాసుకు గొంతులో క్యాన్సర్ అని తేలింది. స్వరపేటిక తీసేయాలన్నారు. ఆపరేషన్‌కు ముందురోజు మధ్యాహ్నం, 'కరకట్ట' అనే మా పాటను ఒక్కసారైనా పూర్తిగా రికార్డు చేయించమని వాడు అడిగాడు. దానికి మించి ఏమీ అడగలేదు.

శివాజీ మేనల్లుడికి బందరు పక్కన గిలకలదిండి హార్బరులో ఐసు ఫ్యాక్టరీ ఉంది. గోడలు మందం, బయటి శబ్దం రాదు. బోట్లు హార్బరుకు చేరేలోపు ఐసు సిద్ధంగా ఉండాలి కాబట్టి ఆ సాయంత్రం కంప్రెసర్‌ను కొద్దిసేపే ఆపుతానన్నాడు. నేను రికార్డరు, శ్రుతి చూసే మీటరు తీసుకెళ్లాను. మీటరు ప్రకారం, ప్రమాణ శ్రుతికి, అంటే నాలుగు వందల నలభై హెర్ట్జ్‌కి, గిటారు సరిచేశాను.

"అక్క సాకి దించరా. ఇంత ఎత్తులో పైస్థాయి నాకు అందదు," అన్నాడు ప్రభుదాసు.

"ఆ తప్పుకే కదరా ఆనాడు నవ్వులపాలయ్యాం. ఈసారి ఎవడూ వేలెత్తకూడదు," అన్నాను.

"సరేలే. పనిలో పని, నా గొంతుకి కూడా మీ శాఖ ముద్ర కొట్టు."

మొదటిసారి చరణంలో పైస్థాయి దగ్గర గొంతు చీలిపోయింది. రెండోసారి అంతవరకూ కూడా రాలేదు. దగ్గు తెర ఆగలేదు, రుమాలు ఎర్రబడింది. శివాజీ కర్రలు కింద పెట్టేశాడు. ఇక వద్దురా అని నేనూ అన్నాను. బయట మొదటి బోటు హారను వినిపించింది. మేనల్లుడు తలుపు తీసి, కంప్రెసర్ స్విచ్చు వైపు చూశాడు.

గిటారు శ్రుతి దించుతాను, ఒక్క నిమిషం ఆగమన్నాను. ప్రభుదాసు తల అడ్డంగా ఊపాడు. నిమిషం ఆగితే ఊపిరి నిలవదని వాడికి తెలుసు.

"కొట్టరా," అన్నాడు.

కొట్టాను. పైస్థాయి దగ్గరకు వస్తుంటే నేను వాడి మెడ వైపే చూస్తున్నాను. నరాలు తాళ్లలా లేచాయి. శివాజీ కళ్లు మూసుకున్నాడు. వాడు ఆ స్వరం అందుకున్నాడు. నిలబెట్టాడు. పాట చివరి వరకూ పాడి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కంప్రెసర్ మళ్లీ మొదలైంది. నాకు వినడంలో ఏ తేడా తెలియలేదు.

తేడా ఇంటికి వచ్చాక తెలిసింది. రికార్డింగుతో కలిపి గిటారు వాయించబోతే కలవలేదు. మీటరు పెట్టి చూశాను. మొదటి రెండుసార్లు పాడినది నాలుగు వందల నలభైలోనే ఉంది. మూడోసారి పాడినది, గిటారూ గొంతూ రెండూ, మొదటి మీటు నుంచి చివరి మీటు వరకూ, సరిగ్గా అర స్వరం కింద ఉంది.

రికార్డరు వేగం మారిందేమో అనుకున్నాను. అలా అయితే పాట నిడివి పెరగాలి. ప్రతిసారీ నేను వాచీ చూసి సమయం రాసుకున్నాను, నిడివి సరిపోయింది. శివాజీ ఫోనులో విడిగా తీసినది తెప్పించి చూశాను, అదీ అంతే. చలికి తీగలు మారాయేమో అనుకున్నాను. చలికి తీగ బిగుస్తుంది, శ్రుతి పెరుగుతుంది, తగ్గదు. పాట అయ్యాక రికార్డరు ఆపేముందు నా చేయి తగిలి ఒక తీగ మోగింది. అది ప్రమాణ శ్రుతిలోనే ఉంది.

శివాజీకి చెప్పాను. తన ఫోనులో తీసినది మళ్లీ ఒకసారి పెట్టుకుని విన్నాడు. తర్వాత, "ప్రభుదాసుకి చెప్పకు," అన్నాడు. ఎందుకని నేను అడగలేదు.

కానీ ఆపరేషన్ తర్వాత, వాడు కోలుకున్నాక, చెప్పాను. దాచడం నాకు చేతకాదు. వాడు పాట మొత్తం విన్నాడు. మీటరు చూపించాను. ఆశ్చర్యపోలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, మళ్లీ పెట్టమని సైగ చేశాడు.

ఒక స్టూడియో కుర్రాడు ఆ పాటను కంప్యూటరులో ప్రమాణ శ్రుతికి తెస్తానన్నాడు, ఖర్చేమీ కాదన్నాడు. వద్దన్నాను.

ప్రభుదాసు ఇప్పుడు మాట్లాడలేడు. ఎవరైనా వస్తే నాకు ఫోను చేసి, వేలితో రెండుసార్లు తడతాడు. నేను దివిసీమ బస్సెక్కి వెళ్లి వినిపిస్తాను. విన్నవాళ్లు ఎక్కడ తీశారు, ఎలా తీశారు అని అడుగుతారు. ఏ మైకు, ఏ గది, ఎంత దూరం, అన్నీ వరసగా చెప్పుకుంటూ వస్తాను. మూడోసారి దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతాను. ప్రభుదాసు మాత్రం అప్పటికే మళ్లీ పాట పెట్టేస్తాడు.